పెట్రెల్ అడుగున కొత్త రంగు

1984 మార్చి 4, ఆదివారం

ఈ పుస్తకంలో ఇంతవరకూ పోటు వేళలూ, గాలి వాటమూ, ఏ పడవకు ఎన్ని పలకలు మార్చానన్నదీ తప్ప వేరే ఏమీ రాయలేదు. ఈ రోజు రాయాల్సి వస్తోంది. మా ఆవిడ ఎనిడ్‌తో చెబితే నవ్వుతుంది. పడవల యార్డులో చెబితే సాయంత్రానికి ఫాల్మత్ ఊరంతా పాకుతుంది.

చాపెల్ నుంచి వచ్చాక మా అమ్మాయి మెరిన్, అల్లుడు కొలిన్ భోజనానికి వచ్చారు. మాంసం సగం తిన్నాక మెరిన్ చెప్పింది. "మే నెలలో అజోర్స్ దీవులకు బయల్దేరుతున్నాం నాన్నా. కొలిన్‌కి బడిలో సెలవిచ్చారు."

"అయితే టెంపరెన్స్‌కి పెద్ద తెరచాప కొత్తది కుట్టించాలి," అన్నాను.

"టెంపరెన్స్‌లో కాదు. పెట్రెల్‌లో."

టెంపరెన్స్ నేను కట్టిన పడవ. ఓక్ కర్ర. అడుగున ముక్కు నుంచి తోక దాకా ఒకే పొడుగు కీల్, ఒంట్లో వెన్నెముక ఉన్నట్టు. చుక్కాని ఆ కీల్ చివర ఆనుకుని భద్రంగా ఉంటుంది. పెట్రెల్ వాళ్లిద్దరూ రెండేళ్ల కిందట కొనుక్కున్న ఫైబర్‌గ్లాస్ పడవ. దాని కడుపు కింద చేప రెక్క లాంటి పోత ఇనుప కీల్ ఒకటి తొమ్మిది బోల్టులకు వేలాడుతుంది. చుక్కాని ఎక్కడో వెనక, దిక్కులేనట్టు ఒంటరిగా.

"పన్నెండు వందల మైళ్లు. బోల్టులకు వేలాడే ఇనప ముక్కను నమ్ముకుని పోతారా?"

"టెంపరెన్స్‌ని మలుపు తిప్పాలంటే ముందు రోజే చెప్పి పెట్టాలి నాన్నా," అంది మెరిన్. ఎనిడ్ ఫక్కున నవ్వింది.

"తిరగదు సరే. పెద్ద గాలిలో తెరచాప సగం దించి వదిలేస్తే తన దారిన తాను నిలబడుతుంది. లోపల కూర్చుని టీ తాగొచ్చు. మీది, చుక్కాని వదిలి తుమ్మితే చాలు, ఫ్రాన్స్ వైపు తిరుగుతుంది."

"గాలికి ఎదురెక్కాల్సి వస్తే? నీది ముందుకి పోయినంత పక్కకీ జారుతుంది. మాది కోసుకుంటూ పోతుంది."

"పోనీ, రాయి తగిలితే?"

కస్టర్డ్ మాడుతోందేమో చూస్తానని మెరిన్ వంటింట్లోకి లేచింది. కొలిన్ చేతిలో కత్తి కంచం మీద ఆగిపోయింది. తల ఎత్తలేదు. అంతసేపూ అతను ఒక్క మాట అనలేదు. సొంత పడవను అంటుంటే నోరు మెదపని మగవాణ్ణి నేను నమ్మను.

మార్చి 7

పెట్రెల్ అడుగు రంగు కొత్తది. ఫిబ్రవరిలోనే వేశారట.

మార్చి 10, శనివారం

దగ్గరికి వెళ్లి చూశాను. యార్డు చివర, ఆనింపు కర్రల మధ్య నిలబెట్టి ఉంది. కీల్ పొడవునా, పడవ కడుపు మీద జానెడు మేరా ఎర్ర రంగు దట్టంగా, రెండు మూడు పూతలు. మిగతా అడుగంతా పాత రంగే, పొరలు లేచి ఉంది.

నాచు పట్టకుండా వేసే ఈ రంగు, పడవను నీళ్లలోకి దించే ముందు రోజో రెండ్రోజులో వేస్తారు. నెలల తరబడి గాలికి ఆరితే దాని విషం చచ్చిపోతుంది. కొలిన్‌కు తెలియకపోవడానికి లేదు, పడవల మీద పుస్తకాలు అల్మరా నిండా పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో వేశాడంటే అది నాచు కోసం కాదు. దేన్నో కప్పడానికి.

క్రేన్ నడిపే విల్ఫ్‌ను అడిగాను.

"అక్టోబరులో దీన్ని పైకి తీసింది నువ్వేగా. కీల్ ఎలా ఉంది?"

"చూడనిస్తేగా. పట్టీల మీద వేలాడుతుండగానే మీ బడిపంతులు అల్లుడు నీళ్ల గొట్టం లాక్కుని కడగడం మొదలెట్టాడు. జోరు వాన. నేను కడుగుతా తప్పుకోవయ్యా అంటే వినడే."

"మెరిన్ ఏం చేస్తోంది?"

"కీల్ పక్కన టార్పాలిన్ పట్టుకుని నిలబడింది. గాలికి అడ్డమట."

పాపం పిల్ల. మొగుడి కోసం వానలో తడుస్తూ టార్పాలిన్ పట్టుకోవాల్సి వచ్చింది.

"ఏంటి ముసలోడా, అల్లుడి మీద కేసు కడుతున్నావా?" అన్నాడు విల్ఫ్. ఊరికే అడిగానన్నాను.

మార్చి 11, ఆదివారం

టీ దగ్గర మామూలుగా, కాకతాళీయంగా అన్నట్టు అడిగాను. "పెట్రెల్ ఎప్పుడైనా నేల తాకిందా కొలిన్?"

కప్పులోకి చూశాడు. "నేను చుక్కాని పట్టినప్పుడు ఎప్పుడూ తాకలేదండీ, మిస్టర్ ఆంగోవ్."

పెళ్లయి రెండేళ్లయినా మిస్టర్ ఆంగోవ్.

"ఏంటి నాన్నా, పోలీసు విచారణా?" అంది మెరిన్. కుంకుమపువ్వు బన్ను ఇంకోటి నా కంచంలో వేసింది.

వాళ్లు వెళ్లాక ఎనిడ్ అంది, "ఆ అబ్బాయికి నువ్వంటే భయం. పెళ్లికి ముందు అతని చేత టెంపరెన్స్ డెక్కు మొత్తం గీకించావు."

"గీకడం కూడా రాలేదు."

మార్చి 13

అబద్ధం చెప్పేవాడు కప్పులోకి చూస్తాడు. కిందటి వేసవిలో ఎనిడ్ "టెంపరెన్స్ కీల్ బోల్టులు ఎప్పుడైనా తీసి చూశావా" అని అడిగితే నేనూ కప్పులోకే చూశాను. అది వేరు.

మార్చి 21, బుధవారం

రాగి మేకుల కోసం ఫాల్మత్ వెళ్లాను. బడి ఉన్న రోజు. మధ్యాహ్నం. టీ దుకాణం కిటికీ పక్కన కొలిన్. ఎదురుగా పడవలు పరీక్షించి కాగితం రాసిచ్చే పెన్రిన్ ఊరి మనిషి. నాకు ముఖం తెలుసు. బల్ల మీద ఫోటోలు పరిచి ఉన్నాయి. కొలిన్ వేలు పెట్టి ఏదో చూపిస్తున్నాడు, ఆ మనిషి తల అడ్డంగా ఊపుతున్నాడు.

వీధి అవతల చేపల కొట్టు దగ్గర పావుగంట నిలబడ్డాను. ఏం కావాలని కొట్టువాడు రెండుసార్లు అడిగాడు. చివరికి మాకెరెల్ చేపలు రెండు కొన్నాను. ఎనిడ్‌కు మాకెరెల్ పడదు.

పరీక్షించే మనిషితో రహస్యంగా ఏం పని? బాగుందని కాగితం రాయించుకుని పడవ అమ్మేస్తాడా? లేక దారిలో ముంచేసి బీమా డబ్బు...

మెరిన్ కూడా అందులోనే ఉంటుంది కదా. పై మాట కొట్టేయాలి.

కొట్టేయలేదు. ఉండనీ.

మార్చి 27, మంగళవారం

రెండు చలికాలాల కిందట మెరిన్ నాకు పెట్రెల్ తాళంచెవి ఒకటి ఇచ్చింది, వాన గట్టిగా పడితే లోపల చూడమని. నిన్న వాన పడింది. అందుకే వెళ్లాను. మధ్యాహ్నం రెండింటికి. మెరిన్ హార్బర్ ఆఫీసులో ఉంటుంది, కొలిన్ బడిలో.

లోపల పొడిగానే ఉంది. కానీ నేల మీద తివాచీ పరిచి ఉంది. తివాచీ ఎత్తితేగాని అడుగున తడి ఉందో లేదో తెలియదు. ఎత్తాను. అంటించి ఉంది. అంచు లేపి, పలకలు తీశాను.

కొయ్య సుత్తితో ముందు నుంచి వెనక్కి తట్టుకుంటూ వచ్చాను. టక్ టక్ అని గట్టిగా పలికింది. కీల్ వెనక చివర మీదికి వచ్చేసరికి దబ్‌మంది. ఇంకోసారి తట్టాను. అదే చప్పుడు.

రెక్క కీల్ రాయికి కొట్టుకుంటే జరిగేది ఇదే. కింద ఇనుము ఆగిపోతుంది, పైన పడవ ఆగదు. కీల్ ముందు చివర కిందికి ఊడబోతుంది, వెనక చివర కడుపులోకి పొడుచుకొస్తుంది. పొడుగు కీల్ అయితే రాయి మీదికి జారి ఎక్కుతుంది, దెబ్బ పొడవునా పంచుకుంటుంది. ఈ మాట ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను.

టార్చి వేసి చూశాను. బోల్టుల మధ్య చట్రం రెండు చోట్ల చీలింది. దాని మీద రెజిన్ జిగురు పోసి, ఫైబర్ గుడ్డతో అతుకు వేసి ఉంది. పని బాగుంది, ఒప్పుకోవాలి. అంచులు పల్చబడేదాకా గీకి, మూలలు గుండ్రంగా కోసి, గుడ్డ పొరలు చిన్నదాని మీద పెద్దది. సరిగ్గా నా పద్ధతి. అయితే డెక్కు గీకుతున్నప్పుడు నన్ను గమనించి నేర్చుకున్నాడన్నమాట. లోతైన మనిషే.

కానీ అతుకు పైపైనే. చీలిక దాని కింద ఎంత దూరం పోయిందో చూడకుండా మూసేశాడు.

అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్ది వచ్చాను.

మార్చి 29

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 1, ఆదివారం

భోజనానికి వచ్చారు. కొలిన్ ఉప్పు అందించాడు. తీసుకోలేదు.

గిన్నెలు తుడుస్తూ ఎనిడ్‌తో చెప్పాను, శనివారం మెరిన్‌కు అంతా చెప్పేస్తానని. ఎనిడ్ చాలాసేపు ఒకే కంచం తుడిచింది.

"చెప్పేముందు ఒక్కసారి ఆగు హెడ్లీ. ఎవరి గురించి చెబుతున్నావో సరిగ్గా చూసుకో."

"చూసే చెబుతున్నాను."

ఏప్రిల్ 7, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెరిన్ ఒక్కతే యార్డులో ఉంది, నిచ్చెన మీద, పెట్రెల్ పక్క భాగానికి మైనం రుద్దుతోంది. దిగమన్నాను.

"నీ మొగుడు నీ దగ్గర ఒకటి దాస్తున్నాడు మెరిన్."

"ఏం దాస్తున్నాడు?"

"పెట్రెల్ రాయికి కొట్టుకుంది. గట్టిగా. కీల్ వెనక చట్రం చీలింది. దాని మీద అతుకు వేసి, తివాచీ అంటించి, పైన రంగు పూసి, నిన్ను అందులో నడిసముద్రంలోకి తీసుకుపోతున్నాడు."

చేతిలో గుడ్డ మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

"అతుకు ఎలా ఉంది?"

"ఏంటి?"

"అతుకు. పని బాగుందా?"

"పని బాగానే ఉంది. నా పద్ధతే."

"నీ పద్ధతి కొలిన్‌కి ఎలా వస్తుంది నాన్నా? మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటాడు."

యార్డులో ఎవరో రంపం ఆడిస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక మెరిన్ చెప్పింది.

కిందటి సెప్టెంబరులో, హెల్ఫర్డ్ నది మొగ దగ్గర. కొలిన్ కింద టీ పెడుతున్నాడు. చుక్కాని మెరిన్ చేతిలో ఉంది. పోటు తీస్తోంది, గాలి బాగుంది, ఒడ్డు కొసను చుట్టి రాకుండా అడ్డదారిన పోదామనుకుంది. పడవ మంచి వేగంలో ఉండగా రాయి తగిలింది. కొలిన్ మెట్లకు కొట్టుకుని పడ్డాడు. పడవ అరక్షణం నిలబడిపోయి, మళ్లీ కదిలింది.

"కొలిన్ ఆ రోజే నీకు చెబుదామన్నాడు. నేనే ఒట్టు పెట్టించాను. ఇప్పటికీ వారానికోసారి అడుగుతాడు. కిందటి నెల నాకు చెప్పకుండా పెన్రిన్ మనిషికి ఫోటోలు చూపించి వచ్చాడు. దాని మీద మూడు రోజులు పోట్లాడుకున్నాం."

"నాకు చెబితే ఏమయ్యేది?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"పదహారేళ్లప్పుడు టెంపరెన్స్‌ని సెయింట్ జస్ట్ దగ్గర బురద మీదికి ఎక్కించాను. ఏమైంది? ఏమీ కాలేదు. పొడుగు కీల్ కదా, మెత్తగా ఎక్కి కూర్చుంది. ఆరు గంటల తర్వాత పోటొచ్చి ఎత్తింది. ఆ ఆరు గంటలూ నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి నా చేతికి చుక్కాని ఇవ్వలేదు."

"నువ్వు అడగలేదు."

"పదిహేనేళ్లు అడగలేదు. అది నీకు వింతగా అనిపించలేదా?"

అనిపించలేదు.

వెళ్లబోయి ఆగింది. "తివాచీ కింద ఏముందో నీకెలా తెలుసు?"

"వాన పడిందని లోపల చూడ్డానికి..."

"తివాచీ పీకేంత వానా?"

అరచెయ్యి చాపింది. తాళం అందులో పెట్టాను.

ఇంటికి వచ్చాక ఎనిడ్‌ను అడిగాను, నీకు తెలుసా అని. తెలుసంది. సెప్టెంబరు నుంచీ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎవరినీ అడగవు హెడ్లీ. తప్పు పట్టుకుంటావు. పట్టుకునేవాడికి ఎవరు చెబుతారు?"

ఏప్రిల్ 8, ఆదివారం

భోజనానికి ఇద్దరమే.

ఏప్రిల్ 9

అటక మీద పాత పుస్తకాలు దించి 1969 వెతికాను. ఆగస్టు 17. నా చేతిరాతే. "సెయింట్ జస్ట్ వద్ద బురద. ఆరు గంటలు. నష్టం లేదు."

ఏప్రిల్ 12

గాలి నైరుతి. వాన.

ఏప్రిల్ 14, శనివారం

కొలిన్ ఒక్కడే వచ్చాడు. ఎనిడ్ టీ ఇచ్చి, తోటలో పని ఉన్నట్టు వెళ్లిపోయింది. క్షమాపణ చెప్పడానికి మాటలు కూర్చుకుంటుంటే అతనే మొదలెట్టాడు.

"మీరు నన్ను అనుమానించారని మెరిన్ చెప్పింది. నాకేం పర్వాలేదండీ. మీ చోట ఉంటే నేనూ అనుమానించేవాణ్ణే, నేను అబద్ధం సరిగ్గా ఆడలేను. ఒక్కటి చెప్పండి. ఆ అతుకు చాలుతుందా?"

"చాలదు."

"పెన్రిన్ ఆయనా అదే అన్నాడు. ఫోటోలు చూసి ఏమీ తేల్చలేను గానీ కీల్ విప్పి చూడందే కదలొద్దన్నాడు. మెరిన్ వినడం లేదు. రెక్క కీల్ ఏదైనా మీరు అలాగే అంటారంటోంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మీరు అంటారు కదా."

అంటాను. ముప్ఫై ఏళ్లుగా అంటున్నాను. నా మాట నిజమైన రోజు దానికి విలువ లేకుండా నేనే చేసుకున్నాను.

"నేను చెప్పను. పడవ చెబుతుంది," అన్నాను. ఏం చేయాలో వివరించాను. అతను మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. గోధుమరంగు కళ్లు. రెండేళ్లలో గమనించలేదు.

ఏప్రిల్ 21, శనివారం

విల్ఫ్ క్రేన్‌తో వచ్చాడు. మెరిన్ వచ్చింది, కానీ నాకు పది గజాల దూరంలో నిలబడింది. కొలిన్ ఎలా ఒప్పించాడో తెలియదు.

"పట్టీల మీద ఎత్తి వేలాడదీస్తాం," అన్నాను, విల్ఫ్ వైపు చూస్తూ. "నేల మీద నిలబడినప్పుడు పడవ బరువంతా కీల్ మీద పడి సందుని మూసేస్తుంది. వేలాడితే కీల్ తన బరువుకు తాను కిందికి లాగుతుంది. అతుకు గట్టిదైతే సందు రాదు. రంగు గీకేసి చూడటమే. సందు లేకపోతే ఇంక ఆ పడవ గురించి నోరెత్తను."

"ఈ జన్మలోనా?" అన్నాడు విల్ఫ్.

"ఈ జన్మలో."

ఎత్తారు. పట్టీలు కిర్రుమన్నాయి. రంగు, లప్పం మెరిన్ తనే గీకింది. పల్చటి ఉక్కు బ్లేడు తన చేతికే ఇచ్చాను. ముట్టుకోకుండా వెనక్కి వచ్చాను. కీల్‌కీ పడవకీ మధ్య, ముందు అంచు దగ్గర పెట్టి నెట్టింది. మధ్యలో ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి అబద్ధం రాయాల్సిన పని లేదు. నా మాట తప్పు కావాలని ఆ నిమిషంలో కోరుకున్నాను.

కొంచెం పక్కకి జరిపి మళ్లీ నెట్టింది. పిడి దాకా దిగిపోయింది.

మెరిన్ కింద ఉన్న దుంగ మీద కూర్చుంది. కొలిన్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. విల్ఫ్ ఇంజను ఆపేశాడు. మెరిన్ అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "బిస్కే సముద్రం దాకా పోయేవాళ్లం. ఆ తర్వాత పోయేవాళ్లం కాదు."

నాకు నోటి దాకా వచ్చిన మాట ఒకటుంది. మింగేశాను.

ఏప్రిల్ 22, ఈస్టర్

చాపెల్‌లో మెరిన్ మా వరుసలోనే కూర్చుంది. మధ్యలో ఎనిడ్.

ఏప్రిల్ 30

కీల్ దించారు. వెనక చీలిక అతుకు కింద నుంచి రెండు అడుగులు పాకింది. మెరిన్ అడిగింది, "ఎక్కడిదాకా కోయాలంటావు?" మూడు వారాల తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న. చీలిక ఆగిన చోటుకు ఇంకో జానెడు అవతలి దాకా అన్నాను. కోసింది. నన్ను గీకమంది. గీకాను.

మే 12, శనివారం

ఆరు పొరలు వేశాం. రెజిన్ వాసనకు తల తిరుగుతోంది. కొలిన్ టీ తెచ్చేవాడు. పనిముట్లు అడిగితే తప్పుడువే అందించేవాడు, కానీ వెంటనే అందించేవాడు.

మధ్యాహ్నం మాంసం కూరిన పేస్టీలు తింటుండగా మెరిన్ అడిగింది.

"టెంపరెన్స్ కీల్ కింద బరువుకి వేసిన సీసం దేనికి పట్టుకుని ఉంది నాన్నా?"

"బోల్టులకు."

"పొడుగు కీల్‌కీ బోల్టులుంటాయన్నమాట."

"ఉంటాయి. కర్ర లోపల, దాగి ఉంటాయి. రాయి తగిలినా వాటికి దెబ్బ..."

"ఎప్పుడు తీసి చూశావు?"

కప్పులోకి చూడబోయి ఆగాను. "చూడలేదు."

"ఎప్పుడూ?"

"కట్టినప్పటి నుంచీ."

"ఇరవై ఆరేళ్లు," అంది కొలిన్‌తో, నెమ్మదిగా. నవ్వలేదు. నవ్వితే తేలికగా ఉండేది.

మే 19, శనివారం

టెంపరెన్స్ బోల్టు ఒకటి లాగాం. ముగ్గురం పట్టుకుంటేగాని రాలేదు. పై చివర, కింది చివర నిక్షేపంగా ఉన్నాయి. మధ్యలో, ఓక్ కర్రా సీసమూ కలిసే చోట, నా చిటికెన వేలంత మిగిలింది. పడవ కడుపులో ఎనిడ్‌నూ పిల్లనూ పెట్టుకుని దీని మీద ఐర్లండ్ వెళ్లి వచ్చాను. రెండుసార్లు.

మెరిన్ దాన్ని చేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టింది. "మిగతావి కూడా తీద్దాం. పెట్రెల్ అయ్యాక."

అంతే అంది. నేనైతే అంతటితో ఆపేవాణ్ణి కాదు.

మే 20

ఏ కీల్ మంచిది అని చాపెల్ బయట ఎవరో అడిగారు. వాన పడేట్టుంది అన్నాను.

జూన్ 9

కీల్ ఎక్కించారు. కొత్త బోల్టులు. మెరిన్ బిగించింది. అడుగు రంగు నీళ్లలోకి దించే ముందు రోజు వేస్తాం.

జూన్ 23, శనివారం

నీళ్లలో మొదటిసారి పరీక్ష. గాలి పశ్చిమం, బాగా జోరు. మెరిన్ నన్ను రమ్మంది. నువ్వు కింద కూర్చుని అడుగు చూస్తుండాలి అంది. తివాచీ లేదు, పలకలు తీసేసి ఉన్నాయి. టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. అరవై ఆరేళ్ల మోకాళ్లు.

హార్బర్ దాటగానే పడవ ఒక పక్కకి ఒరిగింది. గిన్నెలు జారాయి. టెంపరెన్స్ అల మీద పడితే ఆవు పడుకున్నట్టు ఉంటుంది. ఇది గుర్రప్పిల్ల. ప్రతి దెబ్బా కీల్ నుంచి నా మోకాళ్లలోకి వచ్చింది. కొత్త పొరల మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. చట్రం కదల్లేదు. బోల్టుల చుట్టూ చెమ్మ లేదు.

"ఎలా ఉంది?" పైనుంచి మెరిన్.

"పొడిగా ఉంది."

ఇంకో వైపు తిప్పింది. నేను సర్దుకునేలోపే తిరిగిపోయింది. టెంపరెన్స్ అయితే ఈపాటికి ఇంకా ఆలోచిస్తూ ఉండేది.

"ఇప్పుడు?"

"పొడిగానే ఉంది."

తర్వాత మెట్ల మీదికి వంగి నా ముఖంలోకి చూసింది.

"నిజం చెబుతున్నావా, నన్ను పంపించాలని చెబుతున్నావా?"

"నువ్వే దిగి చూసుకో."

"చుక్కాని ఎవరు పట్టుకుంటారు?"

కొలిన్ రెండు చేతులా తాళ్లు పట్టుకుని ఉన్నాడు. పైకి ఎక్కాను. మెరిన్ చుక్కాని పిడి నా చేతికి ఇచ్చి కిందికి దిగింది.

రెండు వేళ్లు చాలాయి. టెంపరెన్స్‌కు భుజం ఆనించి తొయ్యాలి. ఇది నేను అనుకోగానే తిరుగుతోంది, అనుకోకపోయినా తిరుగుతోంది. ఒక్క క్షణం కన్ను పక్కకి పోనిచ్చాను, ముక్కు అప్పుడే గాలికి ఎదురు తిరిగింది. తెరచాప టపటపలాడింది.

"అటు చూస్తూ ఉండాలండీ," అన్నాడు కొలిన్, చాలా మర్యాదగా.

మెరిన్ చాలాసేపు రాలేదు. కింద సుత్తి చప్పుడు వినిపించింది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. నేను చెప్పిన మాట ఒక్కటి కూడా నమ్మకుండా, ప్రతి జానెడూ తట్టి చూసుకుంది. వచ్చి ఎదురుగా కూర్చుంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది.

"పొడిగానే ఉంది," అంది.

"చెప్పాను కదా."

"చెప్పావు. చూసుకున్నాను."

పిడి ఆమె చేతిలో పెట్టాను. అడగలేదు తను. తీసుకుని, ఆ టపటపలాడే తెరచాపను సరిచేసి, ఏమీ జరగనట్టు ఒడ్డు కొస వైపు నడిపింది. నాకంటే బాగా నడుపుతుంది. ఇది కూడా ఎవరూ చదవరు. కానీ తిరిగి వచ్చేటప్పుడు, గట్టు మీద తాడు కడుతూ, పైకే అన్నాను. విల్ఫ్ విన్నాడు. సాయంత్రానికి ఫాల్మత్ అంతా పాకి ఉంటుంది.

జూన్ 26, మంగళవారం

ఉదయం ఎనిమిదింటికి, పోటు తిరగగానే వెళ్లారు. గాలి వాయవ్యం. కొండ మీది దాకా నడిచి చూశాం. ఎనిడ్ రుమాలు ఊపింది. కొలిన్ చెయ్యి ఊపాడు, కొసమలుపు దాటేదాకా ఊపుతూనే ఉన్నాడు.

మెరిన్ ఊపలేదు. రెండు చేతులూ చుక్కాని మీదే ఉన్నాయి. ముందుకే చూస్తోంది.